బడి ఆవరణలో జియోథర్మల్ బోర్లు: ప్రభుత్వ సొమ్ము ఎలా అందుతుంది, దేనికి ఖర్చు కావాలి?

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి స్కూల్ డిస్ట్రిక్టుల (ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థల) బాండు ప్రతిపాదనల గురించి, అంటే బడులు కట్టడానికి ఓటర్ల అనుమతితో అప్పు తెచ్చే ప్రతిపాదనల గురించి, ఈ మధ్య తరచుగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో బడి భవనాలను నేల సాయంతో చల్లగా, వెచ్చగా ఉంచే జియోథర్మల్ వ్యవస్థలకు సంబంధించినవాటిని ఎంచుకుని, అదే విషయంపై స్వరాష్ట్రం నుంచి వచ్చిన ఒక ప్రశ్నను కూడా చేర్చి, ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మా పిల్లలు చదివే స్కూల్ డిస్ట్రిక్ట్ కొత్త ఎలిమెంటరీ స్కూల్ కట్టడానికి బాండు ప్రతిపాదిస్తోంది. ఆ భవనానికి జియోథర్మల్ పద్ధతిలో ఏసీ, హీటింగ్ ఏర్పాటు చేస్తామని సభలో చెప్పారు. మాకు దగ్గరలో వేడినీటి బుగ్గలు గానీ అగ్నిపర్వతాలు గానీ లేవు. భూమిలో వేడి లేనిచోట ఇది ఎలా సాధ్యం? పైగా టెక్సాస్‌లో మాకు కావలసింది చల్లదనం కదా!
– ఒక పాఠకురాలు, డల్లాస్ పరిసరాలు

సమాధానం: జియోథర్మల్ అనే ఒకే మాటను రెండు వేర్వేరు పనులకు వాడుతున్నందువల్ల ఈ సందేహం చాలామందికి కలుగుతోంది. కాలిఫోర్నియాలోనూ ఐస్‌లాండ్‌లోనూ వేల అడుగుల లోతు నుంచి ఆవిరినీ మరిగే నీటినీ పైకి తెచ్చి విద్యుత్తు తయారు చేస్తారు. అందుకు మీరన్నట్టు భూగర్భంలో అసాధారణమైన వేడి ఉండాలి. బడులలో పెడుతున్నది అది కాదు. ఇక్కడ కావలసినది సాధారణమైన నేల, అందులో కొన్ని వందల అడుగుల లోతున వేసిన బోర్లు, భవనం లోపల వేడిని అటూఇటూ చేరవేసే హీట్ పంపులు మాత్రమే.

మన ఊళ్ళలో బావి నీళ్ళు తోడుకున్నవారికి దీని మూలసూత్రం అనుభవంలో ఉన్నదే. ఆ నీరు మండువేసవిలో చల్లగా, ధనుర్మాసం తెల్లవారుజామున గోరువెచ్చగా తగులుతుంది. నిజానికి నీటి ఉష్ణోగ్రత పెద్దగా మారదు, మారేది పైన ఉన్న గాలి. నేలలో ముప్పై అడుగుల లోతుకు వెళ్ళేసరికి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు స్థిరంగా, ఆ ప్రాంతపు వార్షిక సగటుకు దగ్గరగా ఉంటుంది. డల్లాస్ ప్రాంతంలో అది 20 డిగ్రీల సెల్సియస్ దరిదాపున ఉంటుంది. ఆగస్టులో బయట గాలి 38 డిగ్రీలు దాటినప్పుడు, మామూలు ఏసీ యంత్రం గదిలోని వేడిని ఆ కాగిన గాలిలోకే నెట్టవలసి వస్తుంది కాబట్టి ఎక్కువ కరెంటు తింటుంది. అదే వేడిని 20 డిగ్రీల నేలలోకి పంపడం చాలా సులువు. చలికాలంలో దిశ తిరుగుతుంది, అంటే నేలలోని వేడిని పైకి లాగి గదులకు అందిస్తారు. బాగా రూపొందించిన వ్యవస్థ ఒక యూనిట్ కరెంటు ఖర్చుతో మూడు నుంచి ఐదు యూనిట్ల వేడిని ఒకచోటి నుంచి మరొకచోటికి చేరవేయగలదు.

బోర్లు అనగానే భూగర్భజలాలు తోడేస్తారేమోనన్న భయం కూడా అవసరం లేదు. బడులలో సాధారణంగా వాడేది మూసి ఉన్న గొట్టాల వ్యవస్థ. ఒక్కొక్క బోరులో యు ఆకారపు ప్లాస్టిక్ గొట్టాన్ని దించి, చుట్టూ బెంటోనైట్ అనే బంకమట్టి కలిపిన మిశ్రమంతో పూడ్చివేస్తారు. గొట్టంలో అదే నీరు, చలి ప్రాంతాలలోనైతే గడ్డకట్టకుండా యాంటీఫ్రీజ్ కలిపిన నీరు, తిరుగుతూనే ఉంటుంది. ఆ బోర్లపైన తిరిగి మట్టి కప్పి ఆటస్థలంగానో పార్కింగ్ స్థలంగానో వాడుకుంటారు. ఇళ్ళకంటే బడులకు ఈ పద్ధతి బాగా కుదరడానికి ఆ విశాలమైన ఖాళీ స్థలం ఒక ముఖ్య కారణం.

టెక్సాస్‌లో ఇది కొత్త కూడా కాదు. మీకు దగ్గరలోనే, తెలుగువారు ఎక్కువగా నివసించే అర్వింగ్ నగరంలో, 2011లో ప్రారంభమైన లేడీ బర్డ్ జాన్సన్ మిడిల్ స్కూల్‌లో జియోథర్మల్ వ్యవస్థ, సౌర ఫలకాలు రెండూ ఉన్నాయి. ఏడాదిలో తాను వాడినంత శక్తిని తానే తయారు చేసుకోవాలన్న లక్ష్యంతో దాన్ని కట్టారు. అయితే మీ ప్రశ్నలోని చివరి వాక్యం చాలా అవసరమైనది. వేడికంటే చల్లదనం ఎక్కువ కావలసిన చోట, నేలలోకి పంపే వేడి ఎక్కువగా, వెనక్కు తీసుకునే వేడి తక్కువగా ఉంటుంది. ఆ తేడా ఏటేటా పేరుకుపోతే బోర్ల చుట్టూ ఉన్న నేల వేడెక్కి వ్యవస్థ సామర్థ్యం తగ్గుతుంది. అందుకే దక్షిణాది రాష్ట్రాలలో బోర్ల మధ్య దూరం పెంచుతారు, కొన్నిచోట్ల మిగిలిన వేడిని గాలిలోకి వదిలే చిన్న కూలింగ్ టవర్‌ను కూడా జతచేస్తారు. మీ డిస్ట్రిక్ట్ ఇంజనీర్లు ఈ లెక్కను ఇరవై, ముప్పై ఏళ్ళ కాలానికి వేసి చూశారా అని తప్పక అడగండి.

ప్రశ్న: జియోథర్మల్ వ్యవస్థకు మామూలు బాయిలర్, చిల్లర్ కంటే మొదట్లో చాలా ఎక్కువ ఖర్చవుతుందని విన్నాను. బడులు పన్ను కట్టవు కదా, వాటికి పన్ను రాయితీ అంటే అర్థమేమిటి? ఫెడరల్ ప్రభుత్వం నుంచి వచ్చే సొమ్ము అసలు ఏ దారిలో వస్తుంది?
– ఒక పాఠకుడు, ఒహాయో

సమాధానం: దీన్ని కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే 2022కు ముందు, తర్వాత పరిస్థితి పూర్తిగా వేరు.

అంతకుముందు కూడా జియోథర్మల్ హీట్ పంపులకు ఫెడరల్ పన్ను రాయితీ ఉండేది. కానీ పన్ను కట్టేవారికి తప్ప దానివల్ల ఎవరికీ లాభం ఉండేది కాదు. పన్నే లేని ప్రభుత్వ బడికి పన్నులో తగ్గింపు ఎంత ఇచ్చినా చేతికి వచ్చేది సున్నా. 2022 ఆగస్టు 16న చట్టమైన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ ఈ గోడను తొలగించింది. అందులోని ఎలక్టివ్ పే అనే నిబంధన ప్రకారం స్కూల్ డిస్ట్రిక్టులు, నగరపాలక సంస్థలు, లాభాపేక్ష లేని సంస్థలు ఆ రాయితీకి సమానమైన మొత్తాన్ని ఫెడరల్ ఖజానా నుంచి నేరుగా నగదుగా పొందవచ్చు. వ్యవహారంలో దీన్నే డైరెక్ట్ పే అంటున్నారు.

ఇది గ్రాంటు కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి. గ్రాంటుకు పోటీ ఉంటుంది, దరఖాస్తులు రాయగలిగిన పెద్ద డిస్ట్రిక్టులకే అది దక్కే అవకాశం ఎక్కువ. డైరెక్ట్ పేలో పోటీ లేదు. నిబంధనలకు లోబడి వ్యవస్థను నెలకొల్పి, నడిపించడం మొదలుపెట్టిన ప్రతి డిస్ట్రిక్టుకూ అది హక్కుగా వస్తుంది. చిన్న ఊరి బడికీ మహానగరపు బడికీ ఒకే గీటురాయి ఉండడం ఈ చట్టంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది.

మొత్తం ఎంత అన్నది కొన్ని షరతులపై ఆధారపడి ఉంటుంది. వ్యవస్థ సామర్థ్యం 1 మెగావాట్ కంటే తక్కువైతే, అంటే ఏసీ భాషలో సుమారు 284 టన్నులకు లోపు అయితే, అర్హమైన ఖర్చులో 30 శాతం వస్తుంది. అంతకు మించితే, పనివారికి ఆ ప్రాంతంలో ప్రభుత్వం నిర్ణయించిన వేతనాలు చెల్లించి, నిర్ణీత గంటల పనిని శిక్షణలో ఉన్న అప్రెంటిస్‌లకు ఇచ్చినప్పుడే 30 శాతం వస్తుంది, లేకపోతే అది 6 శాతానికి పడిపోతుంది. ఉక్కు, ఇతర సామగ్రి విషయంలో అమెరికా తయారీ నిబంధనలు పాటిస్తే మరో 10 శాతం పాయింట్లు, బొగ్గు గనులో విద్యుత్ కేంద్రాలో మూతపడిన ప్రాంతం వంటి చోట్ల ఇంకో 10 శాతం పాయింట్లు కలిసే వీలుంది.

బాండుతో కట్టే బడులు ప్రత్యేకంగా గమనించవలసిన మెలిక ఒకటుంది. పన్ను మినహాయింపు ఉన్న బాండ్ల ద్వారా సేకరించిన డబ్బుతో వ్యవస్థను నెలకొల్పితే, వచ్చే మొత్తంలో 15 శాతం వరకు కోత పడుతుంది. ఒక ఊహాజనితమైన లెక్క చూద్దాం. మామూలు పద్ధతికి 45 లక్షల డాలర్లు, జియోథర్మల్‌కు 60 లక్షల డాలర్లు అవుతాయని, ఆ 60 లక్షలూ అర్హమైన ఖర్చే అని, మొత్తం బాండు సొమ్మేనని అనుకుందాం. 30 శాతం చొప్పున 18 లక్షలు రావాలి. బాండు కోత పోగా 15 లక్షల 30 వేలు వస్తాయి. అంటే డిస్ట్రిక్టుకు చివరికి పడే భారం 44 లక్షల 70 వేల డాలర్లు. మొదటి రోజే రెండు పద్ధతుల ఖర్చు సమానమైపోతుంది, ఆ తర్వాత ఏటా తగ్గే కరెంటు, గ్యాస్ బిల్లులు అదనపు లాభంగా మిగులుతాయి. అసలు ప్రాజెక్టులలో ఏ ఖర్చు అర్హమో, ఏది కాదో పన్ను నిపుణులు తేల్చాలి గనుక అంకెలు ఇంత చక్కగా కలవకపోవచ్చు.

డబ్బు ముందుగా రాదు. వ్యవస్థ పనిచేయడం మొదలైన తర్వాత డిస్ట్రిక్ట్ అమెరికా పన్నుల విభాగమైన ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకుని, ఒక నంబరు తీసుకుని, ఆ ఆర్థిక సంవత్సరానికి రిటర్న్ దాఖలు చేయాలి. జూన్ 30తో ఏడాది ముగిసే డిస్ట్రిక్టుకు గడువు నవంబరు 15. మామూలుగా రిటర్న్ వేయనవసరం లేని సంస్థలకు దానిపై మరో ఆరు నెలల పొడిగింపు దానంతటదే వర్తిస్తుంది. జీవితంలో ఎన్నడూ పన్ను రిటర్న్ వేయని బడి కార్యాలయానికి ఈ పని కొత్తది. గడువు తప్పితే లక్షల డాలర్లు చేజారతాయి కాబట్టి, ఈ బాధ్యతను ఒక అధికారికి పేరు పెట్టి అప్పగించాలి.

ఇవి కాక, 2021లో వచ్చిన మౌలిక వసతుల చట్టం కింద ఇంధన శాఖకు రెన్యూ అమెరికాస్ స్కూల్స్ అనే కార్యక్రమం కోసం 50 కోట్ల డాలర్లు కేటాయించారు. అది పోటీ గ్రాంటు, ఉన్న నిధులకు ఎన్నో రెట్ల కోరికలు వచ్చాయి. కోవిడ్ కాలంలో బడులకు ఇచ్చిన అత్యవసర సహాయ నిధులతో చాలా డిస్ట్రిక్టులు గాలి, వెలుతురు ఏర్పాట్లను బాగుచేసుకున్నాయి గానీ, ఆ చివరి విడత సొమ్మును ఒప్పందాలకు కట్టబెట్టే గడువు 2024 సెప్టెంబరు 30తోనే ముగిసింది. కొన్ని రాష్ట్రాలు సొంతంగా ఇస్తున్నాయి. కొలరాడో 2022లో చేసిన చట్టంతో 1 కోటి 20 లక్షల డాలర్ల జియోథర్మల్ గ్రాంటు కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. గ్రాంటునూ డైరెక్ట్ పేనూ కలిపి వాడుకోవచ్చు, అయితే రెండూ కలిసి అసలు ఖర్చును మించకూడదు.

ప్రశ్న: మా ఇంట్లో జియోథర్మల్ పెట్టించుకుందామనుకునేలోగా ఫెడరల్ రాయితీ రద్దయిందని కాంట్రాక్టర్ చెప్పాడు. బడులకు కూడా పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

సమాధానం: పోలేదు. 2025 జూలై 4న చట్టమైన వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్ ఇళ్ళ యజమానులకు ఇచ్చే 30 శాతం రాయితీని 2025 డిసెంబరు 31తో ముగించింది. బడులకూ వాణిజ్య భవనాలకూ వర్తించేది పన్ను చట్టంలో వేరే సెక్షన్. సౌర, పవన విద్యుత్తుకు గడువులు బాగా కుదించిన అదే బిల్లు, జియోథర్మల్ హీట్ పంపుల జోలికి అంతగా వెళ్ళలేదు, డైరెక్ట్ పేనూ ఉంచింది. 2032 ముగిసేలోగా నిర్మాణం మొదలైతే 30 శాతం, 2033లో మొదలైతే 26 శాతం, 2034లో 22 శాతం అన్న పాత క్రమమే కొనసాగుతోంది. మీ కాంట్రాక్టర్ చెప్పినది మీ ఇంటి వరకు నిజం.

ప్రశ్న: నేను గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టారిగా పనిచేసి, ప్రస్తుతం మా అబ్బాయి దగ్గర ఇండియానాలో ఉంటున్నాను. ఇక్కడ కూడా ఉపాధ్యాయుల జీతాలు చాలవని వింటున్నాను. క్లాసులో పాఠం చెప్పేవాడికి ఇవ్వలేని డబ్బును భూమిలో గొట్టాలు పాతడానికి పోయడం న్యాయమేనా? నిజంగా ఆదా అవుతుందనడానికి దాఖలాలు ఏమున్నాయి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

సమాధానం: మాస్టారూ, మీ ప్రశ్నను రెండుగా విడదీసి చూడాలి.

మొదటిది, ఏ డబ్బు దేనికి అన్నది. అమెరికాలో బడి కట్టడాలకు, యంత్రాలకు వాడే బాండు సొమ్మును చట్టరీత్యా సాధారణంగా జీతాలకు మళ్ళించడానికి వీలుండదు. జీతాలు వచ్చేది నిర్వహణ బడ్జెట్ నుంచి, కరెంటు, గ్యాస్ బిల్లులు చెల్లించేది కూడా దాని నుంచే. దేశం మొత్తం మీద బడుల ఇంధన ఖర్చు ఏటా దాదాపు 800 కోట్ల డాలర్లు ఉంటుందన్నది ఇంధన శాఖ అంచనా. అంటే జియోథర్మల్‌కు పెట్టుబడి వచ్చేది ఒక ఖాతా నుంచి, దానివల్ల భారం తగ్గేది జీతాలు ఉన్న మరో ఖాతాలో. ఉపాధ్యాయుడి పక్షాన నిలబడి ఆలోచించేవారు ఈ వ్యవస్థను సమర్థించడానికి ఇదే బలమైన కారణమని నా నమ్మకం.

పైగా యంత్రాలు మార్చాలా వద్దా అన్న ఎంపిక చాలా బడులకు లేదు. ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2020 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలోని డిస్ట్రిక్టులలో 41 శాతం, తమ బడులలో కనీసం సగం వాటిలో హీటింగ్, ఏసీ వ్యవస్థలను మార్చడమో ఆధునికీకరించడమో చేయవలసి ఉంది. అది సుమారు 36 వేల బడులతో సమానం. ఎలాగూ ఖర్చు పెట్టక తప్పనప్పుడు, ఎన్నేళ్ళు నిలిచే దానిపై పెడుతున్నామన్నదే ఆలోచించాలి. భవనం లోపలి హీట్ పంపు ఇరవై ఏళ్ళకు అటూఇటూగా మార్చవలసి వస్తుంది. నేలలోని గొట్టాలు మాత్రం యాభై ఏళ్ళకు పైగా ఉంటాయి. ఈ తరం పన్ను చెల్లింపుదారులు ఒకసారి బోర్లు వేయిస్తే తర్వాతి రెండు తరాల పిల్లలు వాటిని వాడుకుంటారు. ప్రైవేటు పెట్టుబడిదారుడు అంతకాలం వేచి ఉండడు. బడి వేచి ఉంటుంది, ఎందుకంటే అది ఊరు విడిచి పోదు. ప్రజాధనం వెళ్ళవలసినది సరిగ్గా ఇటువంటి చోటికే అని నేను గట్టిగా భావిస్తున్నాను.

రెండవది దాఖలాల మాట. నెబ్రాస్కాలోని లింకన్ నగర స్కూల్ డిస్ట్రిక్ట్ 1995లో నాలుగు కొత్త ఎలిమెంటరీ స్కూళ్ళలో ఈ వ్యవస్థను పెట్టింది. ఒక్కో బడికి 120 బోర్లు, ఒక్కొక్కటి 240 అడుగుల లోతు. ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వాటి బిల్లులను, అదే డిస్ట్రిక్టులోని ఇతర కొత్త బడుల బిల్లులతో పోల్చి చూసినప్పుడు, చదరపు అడుగుకు ఇంధన వినియోగం దాదాపు నాలుగో వంతు తక్కువగా తేలింది. ఒకే ఊరు, ఒకే యాజమాన్యం, ఒకే రకమైన భవనాలు కావడంతో ఆ పోలికకు విలువ ఎక్కువ. ఆ డిస్ట్రిక్ట్ తర్వాత మరెన్నో బడులను ఇదే పద్ధతికి మార్చింది. ఒకసారి వాడి చూసినవారు మళ్ళీ అదే కోరుకోవడాన్ని మించిన ధ్రువపత్రం ఏముంటుంది?

మీరున్న ఇండియానాలోనే, మన్సీ పట్టణంలోని బాల్ స్టేట్ విశ్వవిద్యాలయం 2009లో పని మొదలుపెట్టి, సుమారు 3,600 బోర్లు వేసి, 47 భవనాలకు ఈ పద్ధతిని విస్తరించి, 2014లో తన బొగ్గు బాయిలర్లను పూర్తిగా ఆపివేసింది. అందులో రాష్ట్ర నిధులతో పాటు ఫెడరల్ సాయం 50 లక్షల డాలర్లు ఉంది. ఏటా దాదాపు 20 లక్షల డాలర్లు మిగులుతున్నాయని ఆ సంస్థ చెబుతోంది. కొలరాడోలోని గ్రాండ్ జంక్షన్‌లో ఉన్న కొలరాడో మీసా విశ్వవిద్యాలయానికి ఏటా మిగులుతున్నది సుమారు 15 లక్షల డాలర్లు. వీలైతే ఒకసారి మన్సీ వెళ్ళి చూడండి, లెక్కల మాస్టారికి నచ్చే చోటు అది.

అయితే ప్రతి బడిలోనూ ఇలాగే జరిగిందని చెప్పలేను. బోర్లు తక్కువ వేసి ఖర్చు మిగుల్చుకోబోయిన చోట, గొట్టాలలో గాలి చేరినా పట్టించుకునే సిబ్బంది లేని చోట, కంట్రోళ్ళు అర్థంకాక హీటింగ్, కూలింగ్ ఒకేసారి నడిచిన చోట ఆదా మాయమవుతుంది. స్థానికంగా గ్యాస్ చాలా చౌకగా, కరెంటు ప్రియంగా ఉన్న ఊళ్ళో కూడా లాభం సన్నగిల్లుతుంది. పథకాలు రాసేవారు నిర్మాణానికి డబ్బు ఇచ్చినంత ఉదారంగా, దాన్ని నడిపే మెకానిక్ శిక్షణకు ఇవ్వడం లేదు. అది పెద్ద లోపమే.

ప్రశ్న: నేను ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిని. మార్చి నెలలోనే రేకుల గదులలో పిల్లలు కూర్చోలేకపోతున్నారు. మా జిల్లాలో మణుగూరు దగ్గర భూమిలోంచి వేడినీరు వస్తుందని, దానితో కరెంటు తీశారని అంటారు. అమెరికా బడులలో పెడుతున్న ఈ వ్యవస్థకు మన ప్రభుత్వాలు కూడా నిధులు ఇస్తే బాగుంటుంది కదా?
– ఒక ప్రధానోపాధ్యాయుడు

సమాధానం: మీ పిల్లల ఇబ్బంది తలచుకుంటే ఏ సాంకేతికతైనా వెంటనే తెచ్చి పెట్టాలనిపిస్తుంది. కానీ ఈ వ్యవస్థ మీ బడికి తగదు. ఎందుకు తగదో స్పష్టంగా చెప్పడం నా బాధ్యత.

మణుగూరు సమీపంలోని పగిడేరు వద్ద, బొగ్గు అన్వేషణ కోసం వేసిన బోర్ల నుంచి ఉబికే వేడినీటితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పిన మాట నిజం. గోదావరి లోయ మన దేశంలో భూతాప శక్తికి అవకాశమున్న ప్రాంతాలలో ఒకటి. అయితే అది నా మొదటి సమాధానంలో చెప్పిన తొలి రకం, అంటే వేడితో విద్యుత్తు తీసే పద్ధతి. గదులను చల్లబరచడానికి దానితో నేరుగా సంబంధం లేదు.

గదులు చల్లబడాలంటే నేల చల్లగా ఉండాలి. ఒహాయోలో నేల 12, 13 డిగ్రీలు ఉంటే, మన కోస్తా జిల్లాలలోనూ గోదావరి పరీవాహక ప్రాంతంలోనూ అది 28 డిగ్రీల దరిదాపున ఉంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం 42 డిగ్రీల గాలితో పోలిస్తే అది మేలే గానీ, అక్కడ చలికాలంలో నేల నుంచి వేడిని వెనక్కు తీసుకుని సరిచేసుకునే వీలుంది, మనకు అంత చలి లేదు. ఏడాదంతా వేడిని నేలలోకి నెట్టడమే తప్ప తీసుకోవడం ఉండదు కాబట్టి కొన్నేళ్ళకే బోర్ల చుట్టూ నేల కాగిపోతుంది. మరో సంగతి, ఎండలు ముదిరే ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 12 వరకు మన బడులకు సెలవులు. అంత పెట్టుబడి పెట్టిన యంత్రాలు అత్యంత అవసరమైన నెలన్నర పాటు ఖాళీ గదులను చూస్తూ నిలబడతాయి. అమెరికా బడికి ఇది పాత బాయిలర్ స్థానంలో వచ్చేది. మీ బడిలో తీసివేయడానికి బాయిలరే లేదు.

మీ బడికి వెంటనే పనికొచ్చేది పైకప్పు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం 2028 వరకు అమలులో ఉంటుంది, కొత్త ప్రభుత్వ భవనాలకు అది తప్పనిసరి. రేకులపైనా స్లాబుపైనా ఎండను తిప్పికొట్టే తెల్లని పూత వేయిస్తే గది లోపల కొన్ని డిగ్రీల తేడా తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు–నేడులో ఫ్యాన్లు, దీపాలు, మరమ్మతులు భాగంగా ఉండేవి. తెలంగాణలో 2022లో వచ్చిన మన ఊరు–మన బడిలోనూ మరమ్మతులు, విద్యుదీకరణ ఉండేవి. అటువంటి పథకాలలో ఫ్యాన్ల సరసన పైకప్పు పూతనూ, గదికి పడమట నీడనూ చేర్చమని మీ పాఠశాల కమిటీ ద్వారా అడగండి. జియోథర్మల్‌కు పెట్టే ఒక బడి సొమ్ముతో ఎన్నో బడులకు ఈ మేలు జరుగుతుంది.

మన దేశంలో దీనికి తగిన చోట్లు లేకపోలేదు. కేంద్ర నవీన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ 2025 సెప్టెంబరులో విడుదల చేసిన జాతీయ భూతాప విధానంలో నేల ఆధారిత హీట్ పంపుల ప్రస్తావన ఉంది. లడఖ్, కాశ్మీర్, హిమాచల్ లోయలలో పిల్లలు చలికి వణుకుతూ కట్టెల పొయ్యి పక్కన చదువుకునే బడులకు ఆ విధానం కింద మొదటి నిధులు వెళ్ళాలని నేను కోరుకుంటాను.

ప్రశ్న: నేను హెచ్‌–1బి వీసాపై ఉన్నాను, ఓటు లేదు. ప్రాపర్టీ టాక్స్ మాత్రం కడుతున్నాను. మా డిస్ట్రిక్ట్ రెండు పాత బడులకు గ్యాస్ బాయిలర్లే మళ్ళీ పెట్టబోతోంది. నాలాంటివారు చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, మిన్నెసోటా

సమాధానం: ఓటు లేకపోయినా స్కూల్ బోర్డు సమావేశాలకు వెళ్ళవచ్చు, ప్రజలకు కేటాయించిన సమయంలో మాట్లాడవచ్చు, లిఖితపూర్వకంగా ప్రశ్నలు ఇవ్వవచ్చు. మన తల్లిదండ్రులు గణితం పోటీల గురించి బోర్డుకు రాసినంత శ్రద్ధగా భవనాల గురించి రాయడం అరుదు. ఈ ఉత్తరం రాసినందుకు మిమ్మల్ని అభినందిస్తున్నాను.

ఆలస్యం మాత్రం చేయకండి. బాయిలర్‌కు ఆర్డర్ ఇచ్చిన తర్వాత ఎవరు ఏం మాట్లాడినా ఫలితం ఉండదు. డిజైన్ చేసే సంస్థను నియమించే దశలోనే, రెండు పద్ధతులకూ ముప్పై ఏళ్ళ పూర్తి ఖర్చును డైరెక్ట్ పే మొత్తాన్ని మినహాయించి లెక్కించారా అని అడగండి. చాలా డిస్ట్రిక్టులలో ఈ మినహాయింపు లేకుండానే పోలిక వేసి, జియోథర్మల్ ఖరీదైనదని పక్కన పెడుతున్నారు. ఆవరణలో ఒక పరీక్ష బోరు వేసి, అక్కడి రాతి పొరలు వేడిని ఎంత బాగా పీల్చుకుంటాయో కొలిచారా అన్నది రెండవది. పెద్ద పెట్టుబడితో పోలిస్తే ఆ పరీక్షకు అయ్యేది స్వల్పం. ఐఆర్ఎస్ రిజిస్ట్రేషన్, రిటర్న్ ఎవరి బాధ్యత అన్నది తర్వాత అడగాలి. బాండు సొమ్ము వాడితే పడే కోతను లెక్కలో కలిపారా అని కూడా దానితోపాటే అడగండి.

మీ రాష్ట్రపు చలిలో, గ్యాస్ ధరను బట్టి, ఒక బాయిలర్‌ను అతి చలి రోజుల కోసం ఉంచుకుని మిగతా భారాన్ని జియోథర్మల్‌పై వేసే మిశ్రమ పద్ధతి కూడా సరిపోవచ్చు. దానివల్ల బోర్ల సంఖ్య, మొదటి ఖర్చు తగ్గుతాయి. బోర్డు వారు పూర్తి మార్పుకు వెనుకాడితే ఈ మధ్యేమార్గాన్ని ముందుంచండి. రెండు బడులలో ఒకదాన్ని ముందు చేసి, రెండు చలికాలాల బిల్లులు చూసిన తర్వాత రెండవదానిపై నిర్ణయం తీసుకోమనడమూ సమంజసమే. 2032 చివరి వరకు 30 శాతం గడువు ఉన్నందున అంత వ్యవధి వారికి ఉంది.